పైన ఐస్‌క్రీమ్ రాయిలా ఉంది, కింద ఇడ్లీ పిండి పొంగుతోంది: గ్యాస్ పోయినట్టేనా?

మీరు చెప్పింది ఇదీ. ఏడేళ్ల కిందట కొన్న డబుల్ డోర్ ఫ్రిజ్. పైన ఫ్రీజర్‌లో ఐస్‌క్రీమ్ రాయిలా ఉంది. కింద మాత్రం రాత్రి పెట్టిన ఇడ్లీ పిండి తెల్లారేసరికి పొంగి మూత లేపేస్తోంది, పొద్దున కాచిన పాలు సాయంత్రానికి విరిగిపోతున్నాయి. మెకానిక్ వచ్చి లోపల చెయ్యి పెట్టి చూసి, గ్యాస్ అయిపోయింది, 3,500 అవుతుంది, కంప్రెసర్ కూడా వీక్‌గా ఉంది అన్నాడు. గ్యాస్ కొట్టించాలా, కొత్తది కొనుక్కోవాలా అని అడుగుతున్నారు.

ఇప్పుడప్పుడే రెండూ వద్దు. నేను 2001లో విజయవాడలో ఒక రిపేరు షాపులో హెల్పర్‌గా చేరాను, ఇప్పటికీ ఇదే పని. పైన గట్టిగా ఉండి కింద కూలింగ్ లేదని నా దగ్గరకు వచ్చిన ఫ్రిజ్‌లలో గ్యాస్ పైపు కోయాల్సి వచ్చినవి చాలా తక్కువ.

ఎందుకో చెబుతాను. మీలాంటి మామూలు డబుల్ డోర్‌లో చల్లదనం పుట్టేది ఒక్కచోటే. ఫ్రీజర్ వెనక గోడకి ఉన్న తెల్ల ప్లాస్టిక్ ప్లేటు వెనక కూలింగ్ కాయిల్ ఉంటుంది. దాని పక్కనే చిన్న ఫ్యాన్. ఆ ఫ్యాన్ చల్లగాలిని ఫ్రీజర్‌లోకి తోసి, అందులో కొంత భాగాన్ని ఒక సందు గుండా కింద గదికి పంపుతుంది. కింద గదికి సొంత కాయిల్ లేదు. పైనుంచి గాలి వస్తేనే దానికి బతుకు. ఆ గాలిదారి మూసుకుపోయిందంటే, పైన కాయిల్ పక్కనే ఉన్న సరుకు గడ్డకట్టే ఉంటుంది, కింద మాత్రం మామూలు అలమరా అయిపోతుంది. మీ ఇంట్లో జరుగుతున్నది అచ్చం ఇదే.

ఐస్‌క్రీమ్ రాయిలా ఉందన్న ఒక్క మాట మీద నాకు నమ్మకం ఎక్కువ. ఐస్ కడుతోంది అంటే నమ్మేవాణ్ణి కాదు, ఎందుకంటే చలి సున్నా కిందికి దిగితే చాలు, నీళ్లు గడ్డకడతాయి. గ్యాస్ సగం పోయిన ఫ్రిజ్‌లోనూ ట్రేలో ఐస్ కడుతుంది. ఐస్‌క్రీమ్ గరిట దిగనంత గట్టిగా ఉండాలంటే మైనస్ 15 అయినా ఉండాలి. గ్యాస్ లేకుండా ఆ చలి రాదు. కంప్రెసర్ వీక్ అయినా రాదు.

అసలు 'గ్యాస్ అయిపోయింది' అనే మాటే తప్పు. ఇదేమీ వంట సిలిండర్ కాదు, వాడేకొద్దీ తగ్గడానికి. కంప్రెసర్, వెనకో పక్కలోనో ఉండే వేడి పైపులు, కేపిలరీ అనే సన్నటి గొట్టం, కూలింగ్ కాయిల్, మళ్లీ కంప్రెసర్. ఆ గ్యాసే తిరుగుతూ ఉంటుంది. ఎక్కడా కన్నం పడకపోతే ఇరవై ఏళ్లయినా అంతే ఉంటుంది. కాబట్టి ఎవరైనా గ్యాస్ పోయిందంటే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న, 'లీక్ ఎక్కడుంది?' దానికి జవాబు లేకుండా కొట్టిన గ్యాస్ ఆ కన్నంలోంచే మళ్లీ పోతుంది.

ఈ విషయంలో నేనూ తప్పు చేసినవాణ్ణే. ఒంటరిగా పనికి వెళ్లడం మొదలుపెట్టిన కొత్తలో సత్యనారాయణపురంలో ఒక ఇంటికి వెళ్లాను. ఇదే కంప్లైంట్. పైపు కోసి, గ్యాస్ నింపి, డబ్బు తీసుకుని వచ్చాను. ఫ్రిజ్ అద్భుతంగా పనిచేసింది. పన్నెండో రోజు ఫోన్. మళ్లీ వెళ్లి మళ్లీ నింపాను. మళ్లీ రెండు వారాలకి అదే కథ. మా మేస్త్రికి చెబితే ఆయన అడిగింది ఒక్కటే: 'ఒరేయ్, నువ్వు గ్యాస్ కొడుతున్నంతసేపూ ఫ్రిజ్ తలుపులు తీసి పెట్టావా?' పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీసే పెట్టాను. ఆ పూటలో కాయిల్ మీద పేరుకున్న ఐస్ అంతా కరిగిపోయింది. ఫ్రిజ్ బాగైంది అందుకు, నా గ్యాస్ వల్ల కాదు. ఆ ఇంటివాళ్ల డబ్బు వెనక్కిచ్చి, 250 రూపాయల పార్టు ఒకటి మార్చి వచ్చాను. ఈ రోజుకీ చాలామంది మెకానిక్‌లు మోసం చేయాలని కాదు, ఈ భ్రమలోనే గ్యాస్ కొట్టేస్తుంటారు.

కాబట్టి మీరు చేయాల్సిన పరీక్షకి పానా కూడా అక్కర్లేదు. ముందు రెండు చిన్న విషయాలు చూడండి. ఫ్రీజర్‌లో ఒక నాబ్ ఉంటుంది కదా, ఎండాకాలం కదా అని దాన్ని మ్యాక్స్‌లో పెట్టారేమో చూడండి. చాలా మోడళ్లలో అది చలి పెంచే నాబ్ కాదు, కిందికి వెళ్లే గాలిని తగ్గించే తలుపు. మ్యాక్స్ అంటే పైకి ఎక్కువ, కిందికి తక్కువ. దాన్ని మధ్యలో పెట్టండి. రెండోది, గాలి వచ్చే జాలీలకి అడ్డంగా పాల ప్యాకెట్లో, మాంసం కవరో ఆనించి లేవు కదా. ఈ రెండిటితోనే బాగైపోయిన ఇళ్లు ఉన్నాయి.

అవి కాకపోతే ప్లగ్ తీసేసి, రెండు తలుపులూ బార్లా తెరిచి, పూర్తిగా 24 గంటలు వదిలేయండి. ఆరు గంటలు చాలదు, కాయిల్ మధ్యలో గడ్డ కరగదు. కింద పాత దుప్పటి వేయండి, నీళ్లు బాగా వస్తాయి. వెనక నీళ్ల ట్రే పొంగకుండా మధ్యలో ఒకసారి చూసుకోండి. మాంసం, చేపలు పక్కింటి ఫ్రీజర్‌లో పెట్టండి. మర్నాడు పొడిగా తుడిచి, సామాను లేకుండా ఆన్ చేసి, నాలుగైదు గంటలయ్యాక కింద ఒక గ్లాసుడు నీళ్లు పెట్టి చూడండి.

కింద కూలింగ్ వచ్చి, వారం రెండు వారాలు బాగుండి మళ్లీ పోయిందంటే గ్యాస్ నిక్షేపంలా ఉంది. చెడింది డిఫ్రాస్ట్. వచ్చిన కూలింగ్ రెండు మూడు గంటల్లోనే పోయి, ఆపి ఆన్ చేస్తే మళ్లీ వచ్చి, ఇలా రోజుకి నాలుగైదు సార్లు ఆడుతుంటే అది వేరు. పైపు లోపల తేమ చేరి కేపిలరీ చివర గడ్డకడుతోందన్నమాట. మా భాషలో చోక్. అది గ్యాస్ పనే. 24 గంటలు ఆపినా ఏ మార్పూ లేక, పైన ఐస్‌క్రీమ్ కూడా మెత్తబడుతుంటే అప్పుడు నా మాట తప్పు, మీ మెకానిక్ మాట నిజం.

డిఫ్రాస్ట్ అంటే ఏమిటో కాస్త చెప్పాలి. తలుపు తీసినప్పుడల్లా మన గాలిలోని తేమ లోపలికి వెళ్లి కాయిల్ మీద మంచులా పడుతుంది. సింగిల్ డోర్‌లో అయితే అది మీ కంటికి కనిపిస్తుంది, మధ్యలో బటన్ నొక్కి మీరే కరిగిస్తారు. డబుల్ డోర్‌లో ఆ పని ఫ్రిజ్ తనే చేసుకుంటుంది. అందుకే దాన్ని ఫ్రాస్ట్ ఫ్రీ అంటారు. కంప్రెసర్ దాదాపు 8 నుంచి 12 గంటలు తిరిగాక టైమర్ దాన్ని ఆపి, కాయిల్ కింద ఉన్న హీటర్‌కి కరెంటు ఇస్తుంది. ఇరవై, ముప్పై నిమిషాల్లో మంచు కరిగి, ఆ నీళ్లు సన్నటి గొట్టం గుండా వెనక ట్రేలోకి పోతాయి. ఈ వరసలో ఏ ఒక్కటి చెడినా మంచు కరగదు, రోజూ కొంచెం కొంచెం పేరుకుని, పదిహేను రోజులకి ఫ్యాన్ రెక్కల దాకా గడ్డకట్టేస్తుంది.

అనుమానించాల్సినవి ఐదే: హీటర్, బైమెటల్ (కాయిల్ చలిని బట్టి హీటర్‌కి కరెంటు కలిపి, తెంపే బిళ్ల), థర్మల్ ఫ్యూజ్ (మరీ వేడెక్కితే తెగిపోయేది), టైమర్, నీళ్ల గొట్టం. ఫ్యాన్ సంగతి ముందే తేల్చుకోవచ్చు. ఫ్రిజ్ నడుస్తుండగా ఫ్రీజర్ తలుపు తీసి, తలుపు అంచుకి ఉండే స్విచ్‌ని వేలితో నొక్కి పట్టుకోండి. చాలా మోడళ్లలో తలుపు తీస్తే ఫ్యాన్ ఆగుతుంది, స్విచ్ నొక్కితే తిరుగుతుంది. గాలి రయ్యిన వస్తే ఫ్యాన్ బాగున్నట్టే. కర్ర్ కర్ర్ అని ఏదో రాసుకుంటున్న చప్పుడు వస్తే రెక్కలకి ఐస్ తగులుతోంది.

ఇక్కడి నుంచి మల్టీమీటర్ పట్టడం వచ్చినవాళ్లకి. రానివాళ్లు ఇదంతా చదివి మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకోండి, చాలు. ప్లగ్ తీశాకే ప్లేటు విప్పాలి. ప్లేటు తియ్యగానే కాయిల్‌ని చూడండి, సగం జవాబు అక్కడే ఉంటుంది. కాయిల్ మొత్తం దళసరిగా, తెల్లటి గోడలా మంచు కప్పేసి ఉంటే డిఫ్రాస్ట్ చెడింది. ఒక మూల రెండు వరసల మీదే మంచు ఉండి మిగతా కాయిల్ పొడిగా ఉంటే గ్యాస్ తక్కువ ఉంది, లేదా చోక్. అప్పటిదాకా కంప్రెసర్ తిరిగి వేడెక్కినా ఎక్కడా మంచు లేకపోతే గ్యాస్ పూర్తిగా పోయింది, లేదంటే కంప్రెసర్ గ్యాస్‌ని నొక్కడం లేదు. నన్నడిగితే ఈ ప్లేటు విప్పకుండా గ్యాస్ అన్నవాడి మాట వినకూడదు.

హీటర్ 200 వాట్లదైతే మీటర్‌లో సుమారు 260 ఓమ్‌లు చూపించాలి, 150 వాట్లదైతే 350 చిల్లర. ఏమీ చూపించకపోతే తెగిపోయింది. థర్మల్ ఫ్యూజ్ మామూలప్పుడు కలిసే ఉండాలి. కలవకపోతే అది పోయింది, కానీ మామూలుగా ఊరికే పోదు. ఎక్కువగా హీటర్ ఆగకుండా మండడం వల్లే పోతుంది, కాబట్టి దాంతోపాటు బైమెటల్‌ని కూడా మార్చేయండి. దయచేసి ఫ్యూజ్ తీసేసి వైరు నేరుగా కలపకండి. లోపల ప్లాస్టిక్ కరిగిపోయిన ఫ్రిజ్‌లని చూశాను.

బైమెటల్ దగ్గర అందరూ బోల్తా పడతారు. గుండ్రంగా, ఒక రూపాయి బిళ్లంత ఉండి కాయిల్‌కి క్లిప్పుతో అంటుకుని ఉంటుంది. అది గది వేడిలో తెరుచుకునే ఉండాలి, అదే దాని పని. మీటర్ పెట్టి, కలవట్లేదు కాబట్టి పాడైందని బాగున్నదాన్ని పారేస్తారు. దాన్ని చలిలో పరీక్షించాలి. ఉత్తి ఐస్‌లో పెట్టినా చాలదు, ఎందుకంటే అది సున్నా కంటే బాగా కిందికి పోతేనే కలుస్తుంది. ఒక గిన్నెలో ఐస్ నలగ్గొట్టి గుప్పెడు కల్లుప్పు కలిపి, బైమెటల్‌ని పాలిథిన్ కవర్లో చుట్టి అందులో పది నిమిషాలు ఉంచండి. అప్పుడు కలిస్తే అది మంచిది. ఉప్పు కలిపిన ఐస్ మైనస్ 10 కంటే కిందికి పోతుంది, కుల్ఫీ బండివాళ్ల కిటుకే ఇది.

టైమర్ చూడాలంటే, కింద గదిలో నాబ్ పెట్టె వెనకో, కంప్రెసర్ పక్కనో చిన్న తెల్ల డబ్బా ఉంటుంది. దాని మధ్యలో స్క్రూడ్రైవర్ పట్టే గాడి. నెమ్మదిగా ఒకే వైపు తిప్పుతూ పోతే ఒకచోట టక్‌మని, కంప్రెసర్ ఆగిపోతుంది. అంటే డిఫ్రాస్ట్‌లోకి వెళ్లింది. కాయిల్ మీద మంచు ఉన్నప్పుడే ఇది చేయండి. కాసేపటికి లోపలి నుంచి వేడి పెనం మీద నీళ్ల చుక్క పడ్డట్టు చుయ్యిమని వినిపిస్తే హీటర్, బైమెటల్, ఫ్యూజ్ మూడూ బాగున్నట్టే. అప్పుడు తప్పు టైమర్‌దే, అది తనంతట తాను తిరగడం లేదు. కొన్ని మోడళ్లలో టైమర్ బదులు సెన్సర్, బోర్డు ఉంటాయి. అవైతే ఇంట్లో కెలకొద్దు.

అన్నీ బాగున్నాయి, అయినా గడ్డ కడుతోందంటే నీళ్ల గొట్టం మూసుకుపోయింది. దీనికి గుర్తు, కూరగాయల డబ్బా కింద నీళ్లు నిలవడం. గోరువెచ్చని నీళ్లు సిరంజిలోకి తీసుకుని ఆ కన్నంలోకి కొట్టండి. ఇనప చువ్వ మాత్రం పెట్టకండి.

చువ్వ అన్నాను కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లకి నా దగ్గరకి వచ్చే గ్యాస్ పనుల్లో ఎక్కువ భాగం చాకు చేసిన పుణ్యమే. ఫ్రీజర్‌లో అతుక్కుపోయిన ఐస్ ట్రేని చాకుతో లేపబోతారు. ఆ గోడ పల్చటి అల్యూమినియం, దాని లోపలే గ్యాస్ దారి. బుస్సుమంటుంది, అంతే. అలా జరిగితే కంగారు పడకుండా కిటికీలు తెరిచి, దగ్గరలో ఏ స్విచ్చీ వేయకుండా, తీయకుండా, అగ్గిపుల్ల గీయకుండా కాసేపు బయటికి వచ్చేయండి. ఎందుకంటే ఈ మధ్య ఫ్రిజ్‌లలో ఉన్నది మండే గ్యాసు.

మీ ఫ్రిజ్‌లో ఏ గ్యాస్ ఉందో కూడా తెలుసుకోండి. వెనక వైపు కంప్రెసర్ దగ్గరో, లోపల గోడకో ఒక స్టిక్కర్ ఉంటుంది. ఆర్600ఏ అని ఉంటే ఐసోబ్యూటేన్, మన వంట గ్యాస్‌కి దగ్గరి చుట్టం. పసుపు త్రికోణంలో మంట బొమ్మ కూడా ఉంటుంది. ఆర్134ఏ అని ఉంటే మండదు కానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే వెయ్యి రెట్లకి పైమాటే. తాతల కాలం నాటి ఆర్12 ఓజోన్ పొరని తినేసేది, 1987 మాంట్రియల్ ఒప్పందంతో దాని పని అయిపోయింది. స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములో కూడా రాసి ఉంటుంది. ఆర్600ఏ అయితే ఇంటి ఫ్రిజ్‌కి మామూలుగా వంద గ్రాములు కూడా ఉండదు. అంత కొంచెం కాబట్టే పది గ్రాములు అటూ ఇటూ అయినా తేడా తెలుస్తుంది. తూకం యంత్రం తీసుకురాకుండా, చేతి అంచనాతో నింపేవాడి చేత ఆర్600ఏ ఫ్రిజ్ ముట్టించకండి. 134 కంప్రెసర్‌లో 600 కొట్టడం, 600 దాంట్లో 134 కొట్టడం కూడా చూస్తున్నాం. రెండూ తప్పే, ఆయిల్ వేరు, కంప్రెసర్ సైజు లెక్క వేరు.

ఒకవేళ నిజంగా గ్యాస్ పనే చేయించాల్సి వస్తే, ఇంటాయన పక్కన నిలబడి చూడాల్సినవి మూడు. నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగతో లీక్ పట్టుకున్నాడా. కేపిలరీ ముందు ఉండే రాగి ఫిల్టర్ కొత్తది వేశాడా. వ్యాక్యూమ్ పంపు పెట్టి కనీసం అరగంట గాలి లాగాడా. పంపు తేకుండా, ఫ్రిజ్ కంప్రెసర్ చేతే గాలి లాగిస్తానంటే ఒప్పుకోకండి. లోపల తేమ మిగిలిపోయి, ఇందాక చెప్పిన చోక్ వస్తుంది.

మీ కంప్రెసర్ వీక్ అన్నది ఎలా తేల్చాడో నాకు అర్థం కాలేదు. ఐస్‌క్రీమ్ రాయి చేస్తున్న కంప్రెసర్‌ని వీక్ అనకూడదు. అది ఆగకుండా తిరుగుతోందని అనుంటే, కింద చల్లబడనప్పుడు అది ఆగదు మరి. పైగా మే నెల. స్టిక్కర్ మీద క్లైమేట్ క్లాస్ టి అని ఉంటే అది 43 డిగ్రీల దాకా పనిచేసేలా తయారైందని అర్థం. రెంటచింతల, రామగుండం వైపు 45 దాటిన రోజుల్లో వంటింట్లో గోడకి ఆనించి పెట్టిన ఫ్రిజ్ ఎంత సేపు తిరగాలి చెప్పండి? పక్క గోడలు వేడిగా ఉండటం కూడా జబ్బు కాదు, వేడి బయటికి వదిలే పైపులు కొత్త మోడళ్లలో అక్కడే ఉంటాయి. అన్ని వైపులా నాలుగు అంగుళాలు వదలండి, మీద టేబుల్ క్లాత్ కప్పకండి.

నిజంగా కంప్రెసర్ స్టార్ట్ కాక, రెండు మూడు నిమిషాలకోసారి టిక్ మని ఆగిపోతుంటే కూడా వెంటనే కంప్రెసర్ అనొద్దు. ముందు దాని పక్కనున్న రిలే (కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే చిన్న పార్టు) తీసి ఊపి చూడాలి. లోపల గలగలమంటే పగిలింది, దాని ఖరీదు వందల్లోనే. అయితే ఇది మామూలు కంప్రెసర్ సంగతి. ఇన్వర్టర్ కంప్రెసర్‌కి ఈ రిలే ఉండదు, దానికి నేరుగా కరెంటు ఇచ్చి పరీక్షించకూడదు. వాటిలో ఎక్కువగా పోయేది బోర్డు. వెచ్చగా ఉంటుందని బల్లులు వచ్చి దూరి, అవీ చచ్చి, బోర్డునీ చంపుతాయి.

రోజువారీ జాగ్రత్తల్లో నేను పట్టుబట్టేది తలుపు రబ్బరు ఒక్కటే. పది రూపాయల నోటు తలుపులో పెట్టి మూసి లాగండి. నాలుగు వైపులా పట్టు తగలాలి. ఊరికే వచ్చేస్తే అక్కడి నుంచి తేమ పోతోంది, మీ కాయిల్ మీద గడ్డకి అదీ ఒక కారణమే. సబ్బు నీళ్లతో తుడిచి, వంకర తిరిగిన చోట హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చజేసి సాగదీస్తే చాలాసార్లు దారికొస్తుంది. వెనక నీళ్ల ట్రే కూడా వారానికోసారి పారబోసి తోమండి. డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి దానికి మించిన చోటు ఇంట్లో లేదు. కరెంటు పోయి వస్తే ఐదు నిమిషాలు ఆగి ఆన్ చేయండి.

కొత్తది కొనాలా అంటే, ఏడేళ్లు ఫ్రిజ్‌కి పెద్ద వయసు కాదు. నేను వదిలేయమని చెప్పేది ఒక్క సందర్భంలోనే: గోడ లోపల ఫోమ్‌లో కూరుకుపోయిన పైపు లీకైనప్పుడు. కాకినాడ, విశాఖ వైపు ఉప్పుగాలికి ఇది తొందరగా వస్తుంది. దానికి అతుకులు వేస్తూ పోతే ప్రతి వేసవికీ ఖర్చే. మీది ఆ కోవలోది కాదు.

రేపు మెకానిక్‌ని మళ్లీ పిలిస్తే, గ్యాస్ సిలిండర్ తేవద్దు, మీటరూ స్క్రూడ్రైవరూ తెచ్చుకోమనండి. ఈలోపు ఆ పొంగిన పిండి పారేయకండి, కాస్త ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరిగి వేసి పునుగులు వేసుకోండి. విరిగిన పాలు మాత్రం పారబోయండి. కింద గదిలో రాత్రంతా ఉన్న కోడికూర కూడా, ఎంత బాగున్నట్టు కనిపించినా సరే.